పట్టుబట్టల్లో గొర్రెల కాపరులు: ఫ్రెంచ్ రొకోకో టాపెస్ట్రీలో బొమ్మ ఎవరిది, నేత ఎవరిది, వయసెంత?

బయూ టాపెస్ట్రీని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి అరువివ్వబోతున్నట్టు 2025 జూలైలో ప్రకటన వెలువడినప్పటి నుంచి టాపెస్ట్రీ, అంటే నేతలోనే బొమ్మ వచ్చే గోడ వస్త్రం, అనే మాట వార్తల్లో తరచుగా వినిపిస్తోంది. చిక్కేమిటంటే, సుమారు 70 మీటర్ల పొడవున్న ఆ పదకొండో శతాబ్దపు వస్త్రం అసలు టాపెస్ట్రీయే కాదు. నార బట్ట మీద ఉన్ని దారాలతో కుట్టిన కుట్టుపని. ఇంతకంటే పెద్ద గందరగోళం పాత వస్తువుల అంగళ్లలోనూ ఆన్‌లైన్ అమ్మకాల్లోనూ ఉంది. పూలచెట్ల కింద కూర్చున్న గొర్రెల కాపరి, పక్కన పట్టుపావడాలో ఒక పడుచు, కాళ్ల దగ్గర రెండు గొర్రెపిల్లలు, వెనక శిథిలమైన గుడి ఉంటే చాలు, ఆ గోడ వస్త్రానికి ‘పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచ్ పాస్టోరల్’ అనే చీటీ తగిలిస్తున్నారు. ఆ చీటీలో నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి: బొమ్మను ఊహించినవారు, దాన్ని నేసిన ఊరు, నేసిన కాలం, అది అనుసరించిన శైలి. ఈ నాలుగింటికీ ఒకే జవాబు ఉండడం అరుదు.

పడుగు కనిపించని నేత

మామూలు బట్టలో పడుగూ (మగ్గానికి పొడవునా బిగించిన దారాలు) పేకా (వాటి మధ్య అడ్డంగా నేసే దారం) రెండూ కంటికి కనిపిస్తాయి, పేక దారం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగుతుంది. టాపెస్ట్రీలో ఈ రెండు నియమాలూ మారతాయి. పేకను దువ్వెనతో ఎంత గట్టిగా కిందికి దట్టిస్తారంటే పడుగు పూర్తిగా మరుగైపోతుంది, పైకి కనిపించే రంగంతా పేకదే అవుతుంది. పైగా ఏ పేకా అంచు నుంచి అంచుకు వెళ్లదు. ఎర్ర పావడా ఉన్నంత మేరే ఎర్ర దారం తిరుగుతుంది, పావడా అయిపోగానే వెనక్కి మళ్లుతుంది. ఆ పక్కన గడ్డి మొదలైన చోట ఆకుపచ్చ కండె అందుకుంటుంది. అందుకే ఒకే వరుసలో పదులకొద్దీ కండెలు వేలాడుతుంటాయి.

మన నేతల్లో దీనికి దగ్గరిది ఉప్పాడ జమ్దానీ అని చాలామంది అనుకుంటారు. జమ్దానీలో చీర నేత తన మానాన తాను సాగుతుంది, బుటా కోసం అదనపు దారాన్ని పైన కలుపుతారు. బుటా దారం తీసేసినా బట్ట మిగులుతుంది. టాపెస్ట్రీలో బొమ్మే బట్ట. పావడా దారాలను లాగేస్తే అక్కడ వట్టి పడుగు తప్ప మరేమీ ఉండదు. ఈ లెక్కన దీనికి అసలైన బంధువు వరంగల్ జంపఖానా. అక్కడా పేకే పడుగును కప్పేస్తుంది, రంగు మారే చోట దారం వెనక్కి తిరుగుతుంది. తేడా అంతా సన్నదనంలోనూ, గీతలకు బదులు మనిషి చెంప మీది ఎరుపును నేయాలన్న పట్టుదలలోనూ ఉంది.

రెండు రంగులు నిలువుగా ఆనుకున్న చోట ఏ దారమూ అవతలికి దాటదు కాబట్టి సన్నని చీలిక మిగులుతుంది. చాలా చీలికలను తరువాత సూదితో కలిపి కుడతారు, కొన్నింటిని గీతలా, నీడలా కనిపించేందుకు కావాలనే వదిలేస్తారు. ఒక రంగు నుంచి మరో రంగులోకి మెల్లగా జారడానికి రెండు రంగుల దారాలను పళ్లచక్రంలా ఒకదానిలోకి ఒకటి చొప్పించే పద్ధతి ఉంది. దగ్గర నుంచి చూస్తే బుగ్గ మీద గీతలు గీతలుగా కనిపించేది, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే నునుపైన చర్మంగా మారుతుంది.

రెండు మగ్గాలు, ఒక తలకిందుల చిక్కు

టాపెస్ట్రీకి ఆధారం నిండు కొలతలో వేసిన చిత్రం. దాన్ని కార్టూన్ అంటారు, హాస్యచిత్రాలతో సంబంధం లేదు. నిలువు మగ్గంలో పడుగు గోడలా నిలబడి ఉంటుంది, కార్టూన్ నేతగాడి వీపు వెనక వేలాడుతుంది, గీతలను ముందే పడుగు మీద సిరాతో గుర్తు పెట్టుకుంటారు. పడక మగ్గంలో పడుగు నేలకు సమాంతరంగా ఉంటుంది, కార్టూన్‌ను పట్టీలుగా కోసి దాని కింద పరుస్తారు, కాళ్లతో చెక్కలు తొక్కుతూ నేస్తారు కాబట్టి పని త్వరగా సాగుతుంది.

రెండు పద్ధతుల్లోనూ నేతగాడు వెనకవైపు నుంచే పనిచేస్తాడు. నిలువు మగ్గంలో అతడు ముందుకు వచ్చి ముఖం చూసుకోవచ్చు. పడక మగ్గంలో కార్టూన్ ముఖం పడుగు వెనకకు ఆని ఉండడం వల్ల నేత పూర్తయ్యేసరికి బొమ్మ అద్దంలో ప్రతిబింబంలా తిరగబడుతుంది. వాద్యాన్ని కుడిచేత్తో పట్టుకున్న కాపరి ఎడమచేతివాటం వాడైపోతాడు. ఇది తెలిసిన చిత్రకారులు కార్టూన్‌ను ముందే తిప్పి వేసేవారు. గోబ్లాన్ కర్మాగారంలో పడక మగ్గాల విభాగాన్ని నడిపిన జాక్ నీల్సన్ 1750ల చివరలో యంత్ర నిపుణుడు వోకాన్సన్ సాయంతో, మగ్గాన్ని పైకి తిప్పి నేసిన ముఖాన్ని చూసుకునే ఏర్పాటు చేయించాడు.

బొమ్మను పక్కకు పడుకోబెట్టి నేయడం ఇంకో విశేషం. నేసేటప్పుడు నిలువుగా సాగే పడుగు, గోడకు వేలాడదీసినప్పుడు అడ్డంగా ఉంటుంది. 3 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల వెడల్పు గల వస్త్రం అనుకుందాం. మగ్గం మీద దాని ఎత్తే వెడల్పు అవుతుంది. సెంటీమీటరుకు 7 పడుగు పోగుల చొప్పున మొత్తం 2,100 పోగులు కావాలి. ముగ్గురు నేతగాళ్లు తలా ఒక మీటరు పంచుకుని పక్కపక్కన కూర్చుంటారు. ఒక్కొక్కరు నెలకు ఒక చదరపు మీటరు నేస్తారనుకుంటే 12 చదరపు మీటర్లకు నాలుగు నెలలు పడుతుంది. ముఖాలూ చేతులూ ఎక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. అవి నేసే నిపుణుడు వేరు, చెట్లూ ఆకాశమూ నేసేవాడు వేరు, కూలి కూడా వేరు. ఇలాంటివి ఆరు కలిస్తేనే ఒక గదికి సరిపడే వరుస.

మూడు ఊళ్లు, మూడు హోదాలు

పారిస్‌లోని గోబ్లాన్‌ను పద్నాలుగో లూయీ మంత్రి కొల్బేర్ 1662లో రాజు కర్మాగారంగా ఏర్పాటు చేశాడు. అక్కడి నేత ప్రధానంగా రాజు కోసం. ఖజానా వట్టిపోయిన 1694లో దాన్ని మూసేసి, 1699లో తిరిగి తెరిచారు. 1664లో మొదలైన బోవేకు రాజు అండ ఉన్నా అది వ్యాపార సంస్థ. లాభం రావాలంటే కొనేవాళ్లకు నచ్చేది నేయాలి. మధ్య ఫ్రాన్స్ కొండల్లోని ఓబుసోన్‌కు 1665లో ‘రాజ కర్మాగారం’ అన్న బిరుదు దక్కింది కానీ అక్కడ ఒక పెద్ద భవనమంటూ లేదు, ఇళ్లలో మగ్గాలు పెట్టుకున్న కుటుంబాల సముదాయమే ఆ ‘కర్మాగారం’. 1685లో ప్రొటెస్టెంట్లకు ఉన్న మత స్వేచ్ఛను రద్దు చేసినప్పుడు అక్కడి నేతగాళ్లు చాలామంది దేశం విడిచిపోయారు. 1731లో చిత్రకారుడు దుమోన్‌ను ఆ ఊరికి నియమించాక, 1732లో కొత్త నియమావళి వచ్చింది: ఓబుసోన్ సరుకుకు నీలి అంచు ఉండాలి, దానిలో ఊరి గుర్తు నేయాలి. పొరుగున ఉన్న ఫెల్తాన్ ఊరికి గోధుమరంగు అంచు కేటాయించారు.

ఈ హోదాల తేడా నేతలోనే కనిపిస్తుంది. గోబ్లాన్‌లో పోగులు సన్నం, పట్టు ఎక్కువ. ఓబుసోన్‌లో పోగు మందం, రంగుల సంఖ్య తక్కువ, కార్టూన్ కూడా తరచుగా అచ్చుబొమ్మల నుంచి పెంచి వేసినదే. అందుకని ఓబుసోన్‌ను రెండో రకం అనేయడం తొందరపాటు. మందపు దారంతో ఒక చెట్టును నాలుగు రంగుల్లో నిలబెట్టడం కూడా నేర్పే.

కాపరులకు పట్టుబట్టలు ఎక్కడివి?

పాస్టోరల్ అంటే గొర్రెల కాపరుల జీవితాన్ని ప్రేమకథగా చూపే కళ. గ్రీకు, లాటిన్ కవిత్వం నాటి నుంచీ ఉన్నదే. దానికి రొకోకో, అంటే పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్స్‌లో వెలసిన సుకుమారమైన అలంకార శైలి, రూపం ఇచ్చినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు ఫ్రాన్స్వా బుషే (1703–1770). బోవేను 1734 నుంచి నడిపిన చిత్రకారుడు ఉద్రీ ఆయనను అక్కడికి రప్పించాడు. 1736 నుంచి నేతకెక్కిన ‘ఇటాలియన్ వేడుకలు’ వరుసలో జాతకం చెప్పే ఆడమనిషి, సంతలో మందులమ్మేవాడు, పెట్టెలో బొమ్మలు చూపేవాడు, తోటమాలి కనిపిస్తారు. 1755లో మొదలైన ‘ఉదాత్త పాస్టోరల్’ అనే ఆరు వస్త్రాల వరుసలో ఆ సంత సందడి తగ్గిపోయి ప్రేమికులే మిగులుతారు.

ఆ వరుసలోని ‘పిట్టలు పట్టేవాళ్లు’కు బుషే 1748లో వేసిన చిత్రం ఇప్పుడు లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. జంటలు నేల మీద ఒరిగి ఉంటాయి, చేతుల్లో పంజరాలు, చిన్న పిట్టలు, వెనక గుండ్రటి రోమన్ ఆలయం శిథిలంగా ఉంటుంది. పడుచుల పాదాలకు చెప్పులు లేవు, మడమకు మట్టీ అంటలేదు. ఒంటి మీద మాత్రం మడతమడతకూ వెలుగు మారే పట్టు. పంజరంలో పిట్టను పెట్టడమంటే మనసు చిక్కించుకోవడమని ఆనాటి చూపరులకు చెప్పనక్కర్లేదు. వీళ్లు పల్లెవాళ్లు కారు, పల్లెవాళ్ల వేషం కట్టినవాళ్లు. ఫవార్ అనే నాటకకర్త 1745లో పారిస్ సంతలో ఆడించిన మూకాభినయంలోని పల్లె ప్రేమికులను బుషే తన చిత్రాల్లోకి తీసుకున్నాడు. అంటే ఈ కాపరులు పొలం నుంచి రాలేదు, రంగస్థలం నుంచి వచ్చారు.

దీని మీద ఆనాడే రెండు వాదాలు ఉన్నాయి. ఫ్రెంచ్ రచయిత, కళావిమర్శకుడు దిద్రో 1761 నాటి చిత్రప్రదర్శన గురించి రాస్తూ, బుషే దగ్గర అన్నీ ఉన్నాయి, సత్యం తప్ప అని తేల్చేశాడు. అసలు రైతు భూమి పన్నుకూ ఉప్పు పన్నుకూ నలిగిపోతున్న దేశంలో ఇలాంటి పల్లెను గోడకు తగిలించుకోవడం ధనికుల కళ్లు మూసుకోవడమేనన్న విమర్శ నేటికీ వినిపిస్తుంది. ఎదుటి పక్షం చెప్పేది ఇది: కొన్నవాళ్లెవరూ దీన్ని పల్లెకు అద్దంగా కొనలేదు, ఒపెరాలో చూసి ముచ్చటపడిన లోకాన్ని గోడ నిండా కావాలనుకున్నారు, నాటకంలో రాజు వేషగాడిని పట్టుకుని నువ్వు రాజువు కాదని ఎవరూ నిలదీయరు. రెంటిలో మొదటిది సమాజం గురించి, రెండోది కళ గురించి మాట్లాడుతున్నాయి కాబట్టి ఒకటి నిజమైనంత మాత్రాన రెండోది అబద్ధం కాదు. ఇక్కడ ఒక పొరపాటును మాత్రం పక్కన పెట్టాలి: మరీ ఆంత్వానెత్ వెర్సాయ్‌లో కట్టించుకున్న బొమ్మల పల్లె పని 1783లో మొదలైంది. బుషే చనిపోయి అప్పటికి పదమూడేళ్లు. టాపెస్ట్రీలు ఆ పల్లెను చూసి నేసినవి కావు.

రంగు చిత్రకారుడిదా, నేతగాడిదా?

బుషే కథలో అసలైన తగాదా పల్లె గురించి కాదు, దారం గురించి. పాతకాలపు నేతగాళ్లు చిత్రాన్ని యథాతథంగా దించేవారు కారు. తమకు తెలిసిన, గట్టిగా నిలిచే కొద్ది రంగుల్లోకి దాన్ని మార్చుకుని నేసేవారు. గోబ్లాన్ పర్యవేక్షణ కూడా చేతికొచ్చిన ఉద్రీకి ఇది నచ్చలేదు. టాపెస్ట్రీ చిత్రంలాగే ఉండాలి, కుంచె వేసిన ప్రతి మెలకువా దారంలో కనబడాలి అన్నది ఆయన పట్టు. అలా కావాలంటే ఒక్క గులాబీ రంగులోనే పలు ఛాయలు కావాలి. ఆ సన్నని ఛాయలు అద్దకంలో నిలవవని విభాగాధిపతులు ఎదురుతిరిగారు. చిత్రకారుడి మెప్పు చిత్రం ఆరేలోపు, నేతగాడి బాధ్యత వస్త్రం ఉన్నంతకాలం అన్నది వారి వాదన సారాంశం.

ఉద్రీ 1755లో చనిపోయాడు. గోబ్లాన్ పర్యవేక్షణలో ఆయన స్థానంలోకి వచ్చినవాడు బుషేయే. దాంతో బోవే తన గొప్ప చిత్రకారుణ్ణి పోగొట్టుకుంది. గోబ్లాన్‌లో బుషే బొమ్మలతో నీల్సన్ నేయించిన వరుస ఒకటి ఇంగ్లండ్‌లోని క్రూమ్ కోర్ట్ భవనానికి వెళ్లి 1771లో గోడలకెక్కింది. ఇప్పుడది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో ఎర్రని పూలగుడ్డ మీద బంగారు చట్రాల్లో గుండ్రటి చిత్రాలు వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. చట్రమూ నేతే, దాన్ని వేలాడదీసిన పట్టీ ముడీ నేతే. టాపెస్ట్రీ చిత్రాన్ని అనుకరించాలన్న ఉద్రీ కోరికకు ఇంతకంటే పరాకాష్ట ఉండదు. నైపుణ్యం చూస్తే నోట మాట రాదు. అయినా గోడనంతా చెట్లతో కప్పేసే బోవే వరుసల ముందు నిలబడినప్పుడు, దారానికి తనదైన భాష ఉందన్న నేతగాళ్ల మాటే సరైనదని నాకు అనిపిస్తుంది.

ఆకులు నీలంగా ఎందుకున్నాయి?

ఏ మ్యూజియంలో చూసినా పాత టాపెస్ట్రీల చెట్లు నీలంగా ఉంటాయి. అది కవి సమయం కాదు, రసాయనం. అప్పుడు ఆకుపచ్చ అద్దకం ఒక్కటిగా లేదు. ఉన్నిని నీలిమందులో ముంచి, దాని మీద వెల్డ్ అనే మొక్క నుంచి తీసిన పసుపు ఎక్కించేవారు. వెలుతురుకు పసుపు ముందు పోతుంది, నీలం నిలుస్తుంది. ఎరుపుల్లో మంజిష్ఠ జాతి వేరు నుంచి తీసినది గట్టిది, బ్రెజిల్ చెక్క నుంచి తీసినది త్వరగా వెలిసిపోతుంది. ఇనుముతో చేసిన నల్లరంగు ఇంకో రకం చేటు చేస్తుంది, రంగు ఉండగానే దారాన్ని తినేస్తుంది. ముఖం మీది మెరుపుకూ ఆకాశానికీ వాడిన పట్టు వెలుతురుకు ఉన్ని కంటే ముందు పెళుసవుతుంది. పైగా ఇందాక చెప్పినట్టు పడుగు అడ్డంగా ఉండడంతో వేలాడే వస్త్రం బరువంతా పేక మీద, చీలికల కుట్ల మీద పడుతుంది. అందుకే చిరుగులు తరచుగా ఆకాశంలోనే మొదలవుతాయి. మ్యూజియాలు వీటి మీద వెలుతురును సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకపోవడానికి కారణం ఇదే.

రొకోకో అనగానే మనకు గుర్తొచ్చే ఆ లేత, వెలిసిన అందం బుషే ఉద్దేశించినదా, కాలం చేసినదా అన్న ప్రశ్నకు వస్త్రం వెనకవైపే సాక్ష్యం. అస్తరు విప్పి చూస్తే అక్కడి గులాబీ, పచ్చ కళ్లు చెదిరేంత గాఢంగా ఉంటాయి. అలాగని లేతదనమంతా వెలిసిపోవడమే అనలేం. బుషే తైలవర్ణ చిత్రాల్లోనూ గులాబీ, ఆకాశనీలం ఉన్నాయి. కొందరు సంరక్షకులు పోయిన చోట కొత్త దారం నేసి బొమ్మను పూర్తి చేయాలంటారు. మరికొందరు వెనక బట్ట కుట్టి ఆధారమిస్తే చాలు, లేనిదాన్ని ఊహించి నేయకూడదంటారు. ఇప్పుడు మ్యూజియాలు ఎక్కువగా రెండో దారి వైపు మొగ్గుతున్నాయి.

ఒక అమ్మకపు చీటీని విప్పి చూస్తే

‘ప్రాచీన ఫ్రెంచ్ ఓబుసోన్ పాస్టోరల్ టాపెస్ట్రీ, బుషే అనుసరణ, పదిహేనవ లూయీ శైలి’ అని రాసి ఉందనుకుందాం. ‘బుషే అనుసరణ’ అంటే బొమ్మకు మూలం బుషే అని మాత్రమే. ఆయన చిత్రాల అచ్చుబొమ్మలు యూరప్ అంతటా తిరిగాయి, ఎవరైనా ఎప్పుడైనా నేసి ఉండవచ్చు. ‘పదిహేనవ లూయీ శైలి’ అన్న మాటలో కీలకం చివరి పదం. ఆ రాజు ఏలిన 1715–1774 కాలంలోనే నేసినదైతే అమ్మేవాడు ‘కాలం’ అని రాస్తాడు, ‘శైలి’ అనడు. పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఈ బొమ్మలకు మళ్లీ గిరాకీ రావడంతో ఓబుసోన్ మగ్గాలు వాటిని విరివిగా నేశాయి. అవి నకిలీలు కావు, ఆనాటి నేతగాళ్లు నిజాయితీగా చేసిన పని; వయసు మాత్రం వందేళ్లు తక్కువ.

‘ఓబుసోన్’ అన్నదాన్ని వస్త్రమే చెప్పాలి. నీలి అంచూ గుర్తూ ఉంటే మంచిదే కానీ పాత అంచులు చిరిగితే కొత్తవి కుట్టడం మామూలు. వెనకకు తిప్పితే ఎక్కువ తెలుస్తుంది. చేనేతైతే వెనక కూడా అదే బొమ్మ తిరగబడి ఉంటుంది, కత్తిరించిన దారపు కొసలు కుచ్చుల్లా వేలాడతాయి, రంగులు మారే చోట చీలికలు ఉంటాయి. 1804లో వచ్చిన జకార్డ్ యంత్రం మీద నేసినదైతే ముందు కనిపించని రంగులు వెనక పొడవాటి చారలుగా పరుగెడతాయి, మందం అంతటా ఒకేలా ఉంటుంది, చీలిక ఒక్కటీ ఉండదు. ఫ్రాన్స్, బెల్జియం మిల్లులు ఇదే కాపరులను ఇలా వేలల్లో దించాయి. రసాయన పరీక్ష చివరి మెట్టు. 1856 తర్వాత పుట్టిన కృత్రిమ రంగు ఒక దారంలో దొరికితే ఆ దారం పద్దెనిమిదో శతాబ్దానిది కాదు; అయితే అది తర్వాతి మరమ్మతు దారమూ కావచ్చు కనుక ఒక్క చోట తీసిన పోగుతో తీర్పు చెప్పరు.

గోడ నుంచి కర్టెన్‌కు, మచిలీపట్నం మీదుగా

ఈ కాపరులు టాపెస్ట్రీతోనే ఆగిపోలేదు. బుషే తరువాతి తరంలో జాన్-బాప్టిస్ట్ హుయే (1745–1811) 1780 ప్రాంతంలో బోవే కోసం పాస్టోరల్ వరుసను గీశాడు. నీలి తెరల మడతలు, సన్నని తీగల మధ్య చిన్నవైపోయిన జంటలు. రొకోకో వెళ్లిపోతున్న ఆనవాళ్లు అందులో స్పష్టం. అదే హుయే 1783 నుంచి పారిస్ దగ్గరి జూయీ ఊళ్లో ఓబెర్కాంఫ్ నడిపిన అద్దకపు కర్మాగారానికి కూడా బొమ్మలు వేశాడు. తెల్ల నూలు బట్ట మీద ఒకే ఎరుపులోనో ఒకే నీలంలోనో అచ్చేసిన పల్లె దృశ్యాలు, ఇప్పటికీ కర్టెన్ల మీద కనిపించే ‘జూయీ గుడ్డ’ బొమ్మలు, అక్కడి నుంచి వచ్చినవే.

ఆ కర్మాగారం పుట్టుకకు మన తీరంతో నేరుగా సంబంధం ఉంది. ఫ్రెంచివాళ్లు 1669లో మచిలీపట్నంలో కోఠీ (వర్తక స్థావరం) పెట్టుకున్నారు. కోరమండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకపు నూలు బట్టలకు ఫ్రాన్స్‌లో ఎంత మోజు పుట్టిందంటే, తమ ఉన్ని, పట్టు పరిశ్రమలు దెబ్బతింటాయని ప్రభుత్వం 1686లో వాటి దిగుమతినీ స్థానిక తయారీనీ నిషేధించింది. నిషేధం 1759లో తొలగింది. మరుసటి సంవత్సరమే ఓబెర్కాంఫ్ జూయీలో పని మొదలుపెట్టాడు. ముగ్గురు నేతగాళ్లకు నాలుగు నెలలు పట్టే కాపరి, రాగి పలక మీద చెక్కితే బారులకొద్దీ బట్ట మీద దిగిపోయాడు. విప్లవం తరువాత, 1797లో, డబ్బుకు అల్లాడిన ప్రభుత్వం రాజుల కాలపు జరీ టాపెస్ట్రీలను బంగారం, వెండి రాబట్టుకోవడానికి తగలబెట్టించింది. మొదటి ఫ్రాన్స్వా రాజు కోసం నేసిన రఫాయెల్ బొమ్మల వరుస అలాగే బూడిదైంది. కాపరుల టాపెస్ట్రీల్లో ఉన్నదల్లా ఉన్ని, పట్టు. కాల్చినా రాబట్టుకోవడానికి వాటిలో ఏమీ లేదు.